ఫీజు కట్టలేని విద్యార్థి - ఇమామ్ షాఫయీ (రహ్మలై)

పిల్లవాడు చదువు మానేశాడంటే మనం సాధారణంగా రెండు కారణాలు చెబుతాం. ఇంట్లో డబ్బు లేదంటాం, లేదా వాడికి చదువు అబ్బలేదంటాం. ఆ తర్వాత వాణ్ణి మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి దగ్గరో నిలబెడతాం. మన దేశంలో 6 నుంచి 14 ఏళ్ళ లోపు ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడికి వెళ్ళనివారో, మధ్యలో మానేసినవారో ఉన్నారని 2006లో సచార్ కమిటీ నివేదిక తెలిపింది. అంటే ప్రతి నలుగురు పిల్లల్లో ఒకరన్నమాట!

మనం చెప్పే ఆ రెండు కారణాలూ ఎంతవరకు సబబు? పన్నెండు వందల ఏళ్ళ నాటి ఒక మహనీయుని జీవితం దీనికి చక్కని సమాధానం ఇస్తుంది.

తల్లి చేసిన ప్రయాణం

ముహమ్మద్ బిన్ ఇద్రీస్ షాఫయీ (రహ్మలై) హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో పాలస్తీనాలోని గాజాలో జన్మించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) కన్నుమూసిన సంవత్సరం కూడా అదే. షాఫయీ గారిది ఖురైషు తెగ. వంశం గొప్పదే గాని ఇంట్లో మాత్రం కటిక పేదరికం. ఊహ తెలియక ముందే తండ్రి చనిపోయారు.

ఆ తల్లి తన కష్టాన్ని చూసుకోలేదు, బిడ్డ భవిష్యత్తును చూసింది. పరాయి ఊళ్ళో పెరిగితే బిడ్డ తన వంశానికీ, విద్యకూ దూరమైపోతాడని భయపడింది. రెండేళ్ళ పసివాణ్ణి తీసుకుని మక్కా చేరుకుంది. అక్కడ ఆమెకు ఆస్తి లేదు, సంపాదించి పెట్టే మగదిక్కు లేదు. అయినా బిడ్డ చేతికి పని అప్పగించలేదు, మక్తబ్‌లో చేర్పించింది.

గురువుకు ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అయితే ఉస్తాద్ తోటి పిల్లలకు చెప్పే పాఠాన్ని ఈ బాలుడు వింటూనే కంఠస్థం చేసేవాడు. ఉస్తాద్ బయటికి వెళ్ళినప్పుడు ఆ పాఠాన్నే చిన్న పిల్లలకు చెప్పేవాడు. ఇది గమనించిన గురువు, తను లేనప్పుడు పిల్లల్ని చూసుకుంటే చాలని ఫీజు మాట వదిలేశారు. ఆ గురువు పేరు చరిత్రలో పెద్దగా వినపడదు. కానీ ఆ రోజు ఆయన ఆ పిల్లవాణ్ణి గుమ్మం దగ్గరి నుంచే తిప్పి పంపి ఉంటే ముస్లిం సమాజం ఎంత నష్టపోయేదో ఆలోచించండి.

ఎముకల మీద రాసుకున్న పాఠాలు

ఏడేళ్ళ వయసుకే ఆయన దివ్య ఖుర్ఆన్‌ను కంఠస్థం చేశారు. తర్వాత మస్జిదుల్ హరామ్‌లో పండితుల దగ్గర కూర్చుని హదీసులు, ధర్మ విషయాలు నేర్చుకోసాగారు. కాగితం కొనే స్తోమత లేదు. వెడల్పాటి ఎముకలు ఏరుకొచ్చి వాటి మీద రాసుకునేవారు, వాటిని ఇంట్లో ఒక కుండలో దాచుకునేవారు. ప్రభుత్వ కార్యాలయంలో పారవేసే కాగితాలు అడిగి తెచ్చుకుని, వెనుక వైపు రాసుకునేవారు.

అచ్చమైన అరబీ భాష నేర్చుకోవడానికి ఎడారిలో హుజైల్ తెగ వారి మధ్య చాలా కాలం గడిపారు. అక్కడ వారి కవిత్వం నేర్చుకున్నారు. విలువిద్య కూడా అభ్యసించారు. పది బాణాలు వేస్తే పదీ గురికి తగిలేవని చెబుతారు. ఆటపాటల వల్ల చదువు పాడవుతుందనుకునే తల్లిదండ్రులు ఈ మాట గమనించాలి.

పనికిరాని సిఫారసు

మదీనాలోని ఇమామ్ మాలిక్ (రహ్మలై) దగ్గర చదవాలన్న కోరికతో ఆయన రచించిన ముఅత్తాను ముందే కంఠస్థం చేశారు. మక్కా గవర్నరు నుంచి సిఫారసు ఉత్తరం కూడా తెచ్చుకున్నారు. ఆ ఉత్తరం చూసి ఇమామ్ మాలిక్ సంతోషించలేదు సరికదా, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) విద్య కూడా సిఫారసులతో సంపాదించే వస్తువైపోయిందా అని నొచ్చుకున్నారు. కానీ ఆ యువకుడు ముఅత్తా చదవడం మొదలుపెట్టగానే ఆయన మనసు మారింది. ఉత్తరం చేయలేని పనిని చదువు చేసింది. హిజ్రీ 179లో ఇమామ్ మాలిక్ మరణించే దాకా ఆయన శిష్యరికంలో ఉన్నారు.

ఉద్యోగం, అపనింద

తర్వాత జీవనోపాధి సమస్య ఎదురైంది. నేటి మన యువకులకు ఎదురయ్యేది కూడా ఇదే కదా! యమన్‌లో ఉద్యోగం దొరికింది. ప్రయాణానికి డబ్బులు లేవు. అప్పుడు మళ్ళీ ఆ తల్లే ముందుకొచ్చింది. తన ఇంటిని 16 దీనార్లకు తాకట్టు పెట్టి కొడుకు చేతిలో పెట్టింది.

నజ్రాన్‌లో అధికారులను మంచి చేసుకుని పనులు చేయించుకోవడం అక్కడి వారికి అలవాటు. షాఫయీ (రహ్మలై) దగ్గర ఆ ఆటలు సాగలేదు. న్యాయంగా ఉన్నందుకు శత్రువులు తయారయ్యారు. ప్రభుత్వంపై తిరుగుబాటుకు కుట్ర పన్నుతున్నారని ఆయనపై నింద మోపారు. హిజ్రీ 184లో, సుమారు 34 ఏళ్ళ వయసులో, ఖైదీగా ఖలీఫా హారూన్ రషీద్ ఎదుట నిలబడవలసి వచ్చింది. ప్రాణం పోయే నేరారోపణ అది. తన నిర్దోషిత్వాన్ని ఆయన నిబ్బరంగా వివరించారు. ఇమామ్ అబూ హనీఫా గారి శిష్యులు, న్యాయమూర్తి అయిన ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ (రహ్మలై) ఆయన పాండిత్యం గురించి మంచి మాట చెప్పారు. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది.

అపనిందకు గురైన యువకుడు సాధారణంగా పగతో రగిలిపోతాడు, లేదా కుంగిపోతాడు. ఆయన మాత్రం బాగ్దాద్‌లోనే ఆగి, ఇమామ్ ముహమ్మద్ దగ్గర శిష్యునిగా కూర్చున్నారు. ఒక ఒంటె మోయగలిగినంత విద్యను ఆయన నుంచి రాసుకున్నానని తర్వాత చెప్పుకునేవారు. ఎన్నో విషయాల్లో ఆయనతో విభేదించారు, వాదించారు. అయినా గౌరవం తగ్గనివ్వలేదు. ఒక చిన్న విషయంలో అభిప్రాయం కలవకపోతే మస్జిదులో పక్కవాడికి సలాం చెప్పడం కూడా మానేసే మన యువకులు నేర్చుకోవలసిన పాఠం ఇది.

తెరిచి ఉంచిన గుమ్మం

తర్వాత మక్కాలో, బాగ్దాద్‌లో బోధన సాగించారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) వంటివారు ఆయన శిష్యులయ్యారు. ధర్మశాస్త్ర మూల సూత్రాలపై అర్రిసాలా గ్రంథం రచించారు. హిజ్రీ 199 ప్రాంతంలో ఈజిప్టు చేరుకుని, అక్కడ తన పాత అభిప్రాయాలను పరిశీలించి అనేకం మార్చుకున్నారు. పేరు ప్రఖ్యాతులు వచ్చాక కూడా పొరపాటును దిద్దుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

ఈజిప్టులో రబీ బిన్ సులైమాన్ అనే శిష్యుడు ఉండేవారు. ఆయనకు విషయం త్వరగా అర్థమయ్యేది కాదు. ఒకసారి ఒకే విషయాన్ని ఇమామ్ గారు నలభై సార్లు చెప్పినా బోధపడలేదట. రబీ సిగ్గుతో లేచి వెళ్ళిపోయారు. ఇమామ్ గారు కోప్పడలేదు. ఆయన్ని విడిగా పిలిపించుకుని, అర్థమయ్యే దాకా మళ్ళీ చెప్పారు. ఆ రబీ గారే తర్వాత ఇమామ్ షాఫయీ గ్రంథాలను లోకానికి అందించారు. నేడు పండితులు చదివే అర్రిసాలా, కితాబుల్ ఉమ్మ్ ఆయన ద్వారానే మనకు చేరాయి!

హిజ్రీ 204 (క్రీ.శ. 820)లో ఇమామ్ గారు ఈజిప్టులోనే తనువు చాలించారు. నేడు ఇండోనేషియా, మలేషియా దేశాల నుంచి మన కేరళ వరకూ కోట్లాది మంది ఆయన మార్గాన్ని అనుసరిస్తున్నారు. మన హైదరాబాదులోని బార్కస్ ప్రాంతపు అరబ్ కుటుంబాల్లో చాలామంది కూడా షాఫయీలే.

సోదర సోదరీమణులారా! ఒక మక్తబ్ గుమ్మం ఫీజు లేని అనాథ బాలునికి తెరుచుకుంది. ఆ బాలుడు పెద్దవాడై, చదువు త్వరగా రాని శిష్యునికి తన గుమ్మం తెరిచి ఉంచారు. డబ్బు లేదన్న కారణం మొదటిచోట ఓడిపోయింది, చదువు అబ్బలేదన్న కారణం రెండోచోట ఓడిపోయింది. మన వీధిలో చదువు మానిన పిల్లవాడు ఎవరో మనందరికీ తెలుసు. ఈ నెలలోనే వాళ్ళ ఇంటికి వెళ్దాం. ఫీజుకు సాయపడదాం, లేదా సాయంత్రం ఒక గంట పాఠం చెబుదాం. మన పిల్లల్లో రేపటి ఇమామ్ ఎవరో అల్లాహ్‌కే తెలుసు.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యనూ, మనకు వారి పట్ల ఓర్పునూ ప్రసాదించుగాక! ఆమీన్.