ఆండ్రూ కార్నీగీగారి గ్రంథాలయము, ఉద్యానవనము

గ్రంథాలయమును కట్టించుట యొక యెత్తు. దానిని నిలుపుకొనుట వేరొక యెత్తు. ఈ రెంటిని నెరిగిన యొక మహనీయుని చరిత్రమును మా చదువరులకు విన్నవింప గోరుచున్నాము.

ఆండ్రూ కార్నీగీగారు స్కాట్లాండు దేశమున డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమునందు 1835వ సంవత్సరము నవంబరు 25వ తేదిని జన్మించిరి. తండ్రి విలియముగారు చేతిమగ్గముపై పూలపనిగల బట్టలను నేయుచు కుటుంబమును పోషించువారు. ఆ పట్టణము చెంతనే పిటెన్‌క్రీఫ్ అను విశాలమైన తోట కలదు. మహావృక్షములతోను, వాగుతోను, ప్రాచీన రాజమందిర శిథిలములతోను నొప్పు నా తోట యానాడొక భూస్వామి వశమున నుండెను. కార్నీగీగారి మాతామహుని కుటుంబమువారు ప్రజల హక్కులకై భూస్వామితో వ్యాజ్యెమాడినందున, వారి సంతతివా రెవ్వరును లోపల నడుగిడరాదని నిషేధము కలిగెను. ఊరివారికి ద్వారము తెరచిన దినమునను ఈ బాలుడు వెలుపలనే నిలువవలసి వచ్చెను.

ఆవిరిమగ్గములు వచ్చి చేనేత క్షీణింపగా, 1848లో నా కుటుంబము అమెరికాకు వలసపోయి అల్లెఘెనీ పట్టణమున కాపురముండెను. కార్నీగీగారు నూలుమిల్లులో వారమునకు 1 డాలరు 20 సెంట్లకు పనిచేసి, పిదప తంతివార్తల నందించు బంట్రోతుగా చేరిరి. పుస్తకములు కొన సొమ్ము లేదు. అచ్చట కర్నల్ జేమ్సు ఆండర్సన్‌గారు తమ 400 పుస్తకములను పనిచేయు బాలురకు ప్రతి శనివారము ఎరువిచ్చుచుండిరి. చేతిపని నేర్చువారికి దక్క తక్కినవారికి రుసుము విధింపబడగా, కార్నీగీగారు పత్రికకు లేఖ వ్రాసి తమవంటి బాలురకును ఉచితప్రవేశము సంపాదించిరి.

కాలక్రమమున ఉక్కు పరిశ్రమవలన వారు మహాధనికులైరి. 2,500లకు పైబడిన గ్రంథాలయములకు ధనమిచ్చిరి. వానిలో మొదటిది జన్మస్థలముననే 1883లో తెరువబడెను; దానికి పునాదిరాయి వేసినది వారి తల్లిగారే. అయినను వారి దానమునకు సాధారణముగా నొక నియమముండెను. స్థలమును ఊరివారే యీయవలెను; దానమొత్తములో పదవవంతును ఏటేట పోషణకై పన్నుల మూలమున వెచ్చింపవలెను. ఏలయన, క్రొత్త పుస్తకములు కొనుట, చినిగినవానికి అట్టలు కట్టించుట, దీపములు వెలిగించుట, ఉద్యోగికి జీతమిచ్చుట యనునవి యేనాటికిని తీరని పనులు.

చిన్ననాడు మూయబడిన తోటను 1902లో వారే కొని, మరుసటి యేట పురజనుల కెల్లరకు నిచ్చివేసిరి. అందుకై 1903లో నొక ధర్మనిధిని నెలకొల్పిరి. నేటికిని ఆ తోటలో నెవరైనను విహరింపవచ్చును.

వారి చరిత్రము మచ్చలేనిదని మేము చెప్పజాలము. 1892లో హోమ్‌స్టెడ్ నందలి వారి ఉక్కు కర్మాగారమున కూలి తగ్గింపును గూర్చి కలిగిన పోరాటములో ప్రాణనష్టము జరిగెను, కార్మికసంఘ మణచబడెను. దినమునకు పండ్రెండు గంటలు శ్రమించువానికి చదువుకొను తీరిక యెక్కడిదని యడిగినవారి ప్రశ్న న్యాయమైనదే. దానము దొడ్డదైనను, కూలివానికి చెల్లవలసినది దానివలన చెల్లిపోదు.

కార్నీగీగారు 1919వ సంవత్సరము ఆగస్టు 11వ తేదిని పరమపదించిరి. విద్యార్థులారా! వారి నియమము మనకును వర్తించును. తెచ్చిన పుస్తకమును గడువులోపల చెడకుండ నప్పగించువాడును, తోటలోని మొక్కకు చెంబెడు నీరు పోయువాడును గ్రంథాలయ పోషకులే. ఆ పదవవంతు మన వంతని మా విశ్వాసము.