వేలూరు వైద్యమాత డాక్టర్ ఐడా స్కడర్

వేలూరు ఆసుపత్రి పేరు వినని తెలుగు కుటుంబం అరుదు. చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల నుండియు, మన చెన్నపురి నుండియు కడపటి ఆశతో అక్కడికి వెళ్లి స్వస్థులై తిరిగి వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఆ మహాసంస్థ ఒకే ఒక్క మంచంతో ప్రారంభమైనదనీ, దాని పుట్టుకకు ముగ్గురు స్త్రీల మరణం కారణమనీ ఎరిగినవారు మాత్రం కొద్దిమందే.

ఐడా సోఫియా స్కడర్ 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించారు. తాతగారు, తండ్రిగారు ఇద్దరూ మిషనరీ వైద్యులే. అయినను బాల్యంలో కళ్లారా చూసిన కరవు ఆమె మనస్సును కలచివేసింది. అమెరికాలో చదువు ముగించి అక్కడే స్థిరపడాలని ఆమె తలచారు. తల్లిగారి అనారోగ్యం కారణంగా కొంతకాలం ఉండిపోదామని తిండివనం వచ్చారు. అక్కడ ఒక రాత్రి, ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు పురుషులు వారి గుమ్మం తొక్కారు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదనలో ఉన్నారు. వైద్యులైన తండ్రిగారిని తీసుకువెళ్లమని ఐడా చెప్పినా, పరపురుషుడు తమ స్త్రీలను తాకరాదని వారు వెనుదిరిగారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ కన్నుమూశారు. ఆ పూటే ఐడా జీవితమార్గం మారిపోయింది.

ఆమె అమెరికాకు తిరిగి వెళ్లి వైద్యవిద్య అభ్యసించి, 1899లో కార్నెల్ వైద్య కళాశాల నుండి పట్టభద్రురాలయ్యారు. 1900లో వేలూరు చేరి, తమ ఇంటిలోనే ఒక మంచంతో చికిత్స ఆరంభించారు. 1902లో స్త్రీలకై మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి వెలసింది. ఆసుపత్రికి రాలేని పేదల వద్దకు తామే వెళ్లాలని, వారానికొకసారి గుడియాత్తం దారిలో చెట్ల నీడన ఆగి రోగులను చూసేవారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఆ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లాయే. తమిళం, తెలుగు రెండూ ఆ ఊళ్లలో వినిపించేవి.

ఎంత శ్రమించినా తాను ఒక్కరే, రోగులు అసంఖ్యాకులు. ఈ గడ్డపై పుట్టిన ఆడపిల్లలే వైద్యులు కావాలని ఆమె గ్రహించారు. అధికారుల సందేహాలను లెక్కచేయక 1918లో బాలికలకు వైద్య పాఠశాల స్థాపించారు. పరీక్షకు కూర్చున్న తొలి విద్యార్థినులందరూ ఉత్తీర్ణులై ఆ సందేహాలకు సమాధానం చెప్పారు.

1938 ప్రాంతంలో ప్రభుత్వం డిప్లొమా వైద్యవిద్యను నిలిపి, డిగ్రీ స్థాయిని నిర్బంధం చేయడంతో సంస్థ మూతపడే ప్రమాదం ఏర్పడింది. డెబ్బది యేండ్ల వయస్సులో ఐడా అమెరికా అంతటా తిరిగి నిధులు సేకరించారు. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు ఆరంభమయ్యాయి. 1947 నుండి పురుషులకూ ప్రవేశం లభించింది. ఆమె అనంతరం సంస్థకు సారథ్యం వహించిన తొలి భారతీయ మహిళ డాక్టర్ హిల్డా లాజరస్, విశాఖపట్నంలో జన్మించినవారు కావడం తెలుగువారికి గర్వకారణం. 1960 మే నెలలో కొడైకెనాల్‌లో ఐడా పరమపదించారు.

ఆమె నాటిన విత్తనం పిదప వృక్షమైంది. వేలూరు విద్యార్థులు కొన్ని వారాలు గ్రామంలో నివసించి, ఇంటింటి ఆరోగ్యస్థితిని పరిశీలించడం వారి పాఠ్యక్రమంలో భాగమైంది. వైద్యం పుస్తకంలో మాత్రమే లేదు, ప్రజల వాకిళ్లలో ఉన్నదని వారు అక్కడ నేర్చుకుంటారు.

వ్యాసర్పాడి వంటి శ్రామికుల పేటలో, అమ్మభాషలో చదువుకొనే మన పిల్లలకు ఈ చరిత్ర చెప్పవలసిన అవసరమేమి? రోగి భాష ఎరిగినవాడు, రోగి బిడియాన్ని అర్థం చేసుకొనగలవాడు చెంత లేకపోతే, మందు ఉన్నా ప్రాణం నిలువదని ఆ తిండివనం రాత్రి మనకు తెలిపింది. 2020లో తమిళనాడు ప్రభుత్వం, ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వైద్యవిద్య సీట్లలో 7.5 శాతం కేటాయించడంలోని అంతరార్థమూ ఇదే. డెబ్బది అయిదేండ్లు నిండిన మన పాఠశాల ప్రాంగణం నుండి ఒక బాలిక వైద్యురాలై, మరల ఈ వీధులకే తిరిగి వచ్చిన నాడు ఈ ఉత్సవం సార్థకమవుతుంది.