డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్

మహనీయుల జీవితాలను స్మరించేటప్పుడు వారు పుట్టుకతోనే మహనీయులని మనము భావించడం పరిపాటి. డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ విషయంలో ఆ భావన నిలువదు. అహింసను ఆయన సంపూర్ణంగా నేర్చుకున్నది ఇంటిపై బాంబు పడిన తరువాతనే.

1929 జనవరి 15న అమెరికా దక్షిణ ప్రాంతంలోని అట్లాంటా నగరంలో, ఒక పాస్టరు ఇంట ఆయన జన్మించారు. బోస్టన్ విశ్వవిద్యాలయం నుండి 1955లో డాక్టరేటు పొందే నాటికే మాంట్‌గోమరీలో ఒక చర్చికి పాస్టరుగా ఉన్నారు. ఆ డిసెంబరు 1న, బస్సులో తెల్లజాతి ప్రయాణికునికి సీటు విడిచిపెట్టనందుకు రోజా పార్క్స్ అనే మహిళ అరెస్టయినది. నల్లజాతి ప్రజలు బస్సులెక్కడం మానివేసి, ఇరవై ఆరేళ్ళ ఈ పాస్టరును తమ నాయకునిగా ఎన్నుకున్నారు.

1956 జనవరి 30 రాత్రి ఆయన సభలో ఉండగా ఇంటి వసారాలో బాంబు పేలింది. లోపలనున్న భార్య కొరెట్టాకు, పసిబిడ్డకు దైవకృపవలన గాయాలు కాలేదు. ఆయుధాలతో గుమిగూడిన జనాన్ని ఆయన శాంతపరచి ఇండ్లకు పంపారు. సాధారణంగా కథ ఇక్కడితో ముగిస్తారు. కాని ఆ పిమ్మట ఆయన తుపాకి లైసెన్సుకు దరఖాస్తు పెట్టారు! అధికారులు నిరాకరించారు. గాంధీమార్గాన్ని క్షుణ్ణంగా ఎరిగిన బేయార్డ్ రస్టిన్ ఆ రోజులలోనే మాంట్‌గోమరీ వచ్చి ఆయనతో చర్చలు జరిపారు. చివరకు ఇంట ఉన్న ఆయుధాన్ని సైతం వదలివేయాలని కింగ్ దంపతులు నిశ్చయించుకున్నారు. దీనిని మేము బలహీనతగా ఎంచము. బెదిరింపులు ఆగని వేళ, పసిబిడ్డ నిద్రించే ఇంటినుండి తుపాకిని తొలగించడానికి ఎంతటి విశ్వాసం కావాలి!

381 రోజుల తరువాత, సుప్రీంకోర్టు తీర్పుతో, బస్సులలో జాతివివక్ష అంతమైనది. 1959లో ఆయన నెలరోజులు మన దేశంలో పర్యటించారు. తిరువనంతపురంలో హరిజన విద్యార్థుల పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన అస్పృశ్యునిగా పరిచయం చేయగా, మొదట నొచ్చుకొని, పిదప అది సత్యమేనని ఒప్పుకున్నట్లు ఆయనే తరువాత చెప్పారు.

1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబుకు నలుగురు బాలికలు బలియైనారు. వారిలో ముగ్గురి అంత్యక్రియలలో ప్రసంగించవలసివచ్చినపుడు కూడా ఆయన మార్గం మారలేదు. 1964లో నోబెల్ శాంతి బహుమతి లభించగా ఆ ధనాన్ని ఉద్యమానికే ఇచ్చివేశారు.

మెంఫిస్ నగర పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు బాసటగా వెళ్ళి, 1968 ఏప్రిల్ 4న ముప్పది తొమ్మిదవ యేట తుపాకి గుండుకు నేలకొరిగారు. నాలుగవ రోజున కొరెట్టా తన పిల్లలతో వచ్చి, ఆయన నడపవలసిన ఊరేగింపును ఆ వీధులలో మౌనంగా నడిపించింది. ఏప్రిల్ 16న నగరపాలకులు కార్మిక సంఘాన్ని గుర్తించారు.