డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు: ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగారు. లింగంపేట, ఎల్లారెడ్డి ప్రాంతపు బడుల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక నా ఆలోచన రాజుల మీదికో నాయకుల మీదికో పోలేదు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి మీదికి పోయింది. గొప్ప మందులు అందించిన తెలుగువాడిగా ఆయన పేరు మనలో చాలామందికి తెలిసినదే. అయితే ఆయన మొదటి గొప్ప పని మందు కాదు. పదో తరగతిలో మేము చెప్పే ఆమ్లాలు, క్షారాలు, జల ద్రావణాల పాఠానికి చెందిన పని అది. దాని గురించే కొంచెం ఎక్కువగా రాస్తాను, సైన్సు చదవని మిత్రులు ఓపిక పట్టాలి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. పెద్ద సంసారం, చాలీచాలని రాబడి. పదమూడేళ్ల వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుని బతుకుదామని ఇల్లు విడిచి బయలుదేరితే తల్లి వెనక్కి తెప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. పిల్లవాడు పరీక్ష తప్పాడని తల్లిదండ్రులు వచ్చి బాధపడినప్పుడు నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలోకి సైతం ఖద్దరు గౌనుతో పోవడం సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకు నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ఆ రోజుల్లోనే అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. తరువాత తనకూ ఆ జబ్బు పట్టుకుంటే డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండతో 1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. అక్కడ ఉష్ణమండల వ్యాధుల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపాత్రలు కడిగే పని చేశారు.

తరువాత హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే గారి ప్రయోగశాలలో చేరారు. అప్పట్లో రక్తంలో భాస్వరం ఎంతుందో నమ్మకంగా కొలిచే సులువైన పద్ధతి లేదు. వీరిద్దరూ కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రకటించారు. ముందుగా రక్తంలో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం కలుపుతారు. పాలలో నిమ్మరసం పిండితే విరిగినట్టే ఇక్కడ ప్రోటీన్లు విరిగి అడుగుకు చేరతాయి. తేటను వడకట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేటు కలుపుతారు. తేటలోని ఫాస్ఫేటు దానితో కూడుతుంది. మరో రసాయనంతో దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువన్న మాట. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే ఆ పేరు జీవరసాయన శాస్త్రంలో స్థిరపడిపోయింది.

అసలు విశేషం తరువాత జరిగింది. రక్తం బదులు కండరం తీసుకుని ఇదే పరీక్ష చేస్తే నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు. నెమ్మదిగా, చాలాసేపటి వరకు చిక్కబడుతూనే ఉంది. ఇంకొకరైతే రసాయనం పాతబడిందనుకుని సీసా మార్చేవారు. వీరు అలా వదిలిపెట్టలేదు. కండరంలోని భాస్వరంలో చాలా భాగం ఉత్త ఫాస్ఫేటుగా లేదు, మరొక పదార్థంతో ముడిపడి ఉంది. పరీక్షకోసం కలిపిన ఆమ్లమే, మాలిబ్డేటు తోడై, ఆ ముడిని కొంచెం కొంచెంగా విప్పుతోంది. విడిపోయిన కొద్దీ రంగు పెరుగుతోంది. అంటే కొలవబోయిన పదార్థాన్ని కొలిచే ద్రావణమే పగలగొడుతోంది! అంతకుముందు శాస్త్రజ్ఞులు కండరంలో ఉన్నదంతా ఉత్త ఫాస్ఫేటని నమ్మడానికి కారణం ఇదే. ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో వీరు తేల్చారు. ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా అదే ఏడు అలాంటి పదార్థం ఒకటి ఉందని కనుగొన్నారు గాని, అందులో క్రియాటిన్ ఉందని తేల్చింది వీరే. కండరం అలసితే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుంది. మరో రెండేళ్లకు, 1929లో, ఏటీపీని కూడా వేరుచేశారు. జర్మనీలో లోమాన్ గారు సైతం అదే ఏడాది దాన్ని ప్రకటించారు. మూడు ఫాస్ఫేట్ల గొలుసున్న ఈ అణువు మన ఒంట్లోని నీటిలో హైడ్రోజన్ అయాన్లను వదులుకుని రుణావేశాలతో ఉంటుంది. ఆ ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉండటం కూడా అది విడిపోతే శక్తి వెలువడటానికి ఒక కారణం.

దీనికి ఎందుకంత ప్రాముఖ్యమంటే, అప్పటిదాకా కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లమేనని లోకం నమ్మింది. కండరాల మీద పరిశోధనలకే హిల్, మేయర్‌హాఫ్ గార్లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది. 1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా ఆపినా కండరం ముడుచుకుంటుందనీ, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటినేననీ చూపించారు. ఆమ్లం సంగతి వెనక్కి పోయి ఫాస్ఫేటు ముందుకొచ్చింది.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1930లో పీహెచ్‌డీ మాత్రం వచ్చింది. సర్వీసులో ప్రమోషను కోసం ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసిన మనకు ఆ బాధ ఒకరు చెప్పనక్కరలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడలేదనీ, ఏళ్ల తరువాత వేరేవాళ్లు వాటిని మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందనీ, ఆ ప్రయోగశాలలోనే పనిచేసి 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ గారు తరువాత చెప్పారు. ఫిస్కే గారి పద్ధతిని నేనైతే సమర్థించలేను.

1940లో సుబ్బారావు గారు లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఫోలిక్ ఆమ్లం మీద పని. పేరులోనే ఆమ్లం ఉన్నా ఇది చల్లని నీటిలో దాదాపు కరగదు. పిల్లలకు చెప్పినట్టు చెప్పాలంటే, దాని స్ఫటికంలో అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఉత్త నీటికి వాటిని విడదీసే బలం చాలదు. కాస్త క్షారం కలిపితే ఆమ్ల భాగాలు హైడ్రోజన్‌ను వదిలి ఆవేశం పొందుతాయి, అప్పుడు నీటి అణువులు వాటిని చుట్టుముట్టి లాగేసుకుంటాయి. ఎండిన చింతపండు సులువుగా నానుతుంది, ఇది నానదు, రెండూ ఆమ్లాలే కదా సార్ అని అడిగే పిల్లవాడికి నేను ఈ జవాబే చెప్పేవాణ్ణి. 1945లో లెడర్లే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ పత్రం మీద 16 మంది పేర్లున్నాయి, అందులో సుబ్బారావు గారిదొకటి. ఆ మందు స్ప్రూ రోగులకు పనిచేసింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు ఆయన బృందం తయారుచేసిన మాత్రే మందైంది. గర్భిణులకు, బడి పిల్లలకు ఇస్తున్న ఇనుము మాత్రల్లో ఉండేది కూడా ఈ ఫోలిక్ ఆమ్లమే.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర 1947లో ఆయన బృందం ఇచ్చిన హెట్రజాన్. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అమినాప్టెరిన్‌తో, రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించవచ్చని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేటును మన సంఘంలోనే కీళ్లవాతం ఉన్న ఒకరిద్దరు వారానికోసారి వేసుకుంటున్నారు. ఆరియోమైసిన్ కూడా ఆయన పరిశోధనాధిపత్యంలోనే, డగ్గర్ గారి చేతుల మీదుగా 1948లో వచ్చింది.

ఆ ఏడే ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు పోయారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వదేశానికి తిరిగి రానూ లేదు. 1919లో పెళ్లాడిన భార్య శేషగిరి గారు 1922 తరువాత ఆయన్ను మళ్లీ చూడలేదు. పుట్టిన కొడుకు ఏడాది నిండకముందే పోయాడు, ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. ఆయన గొప్పతనం రాసేటప్పుడు ఆ తల్లి పేరు కూడా రాయాలని నా అభిప్రాయం. 1953లో ఒక బూజు జాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. మన ప్రభుత్వం 1995లో శతజయంతికి తపాలా బిళ్ల వేసింది.