తుర్రేబాజ్ ఖాన్

ప్రగల్భములు పలుకువానిని తుర్రంఖాన్ అని పరిహసించుట మన ప్రాంతమున వాడుక. ఆ మాట తుర్రేబాజ్ ఖాన్ పేరునుండి పుట్టినదని పెద్దలు చెప్పుదురు. కాని ఆ పేరుగలవాడు ఉత్తమాటల మనిషి కాడు.

ఆయన హైదరాబాదు బేగంబజారు నివాసి. 1857లో ఉత్తరదేశమున తిరుగుబాటు చెలరేగినప్పుడు నిజాం ప్రభుత్వము ఆంగ్లేయుల పక్షము వహించినది. తిరుగుబాటుదారుడగు జమేదారు చీదాఖానును నిర్బంధించి రెసిడెన్సీకి అప్పగించినది. అతని విడుదలకై జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వందలాది అనుచరులతో కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేసిరి. ఫిరంగుల ముందు వారి బలము నిలువలేదు.

కొలది దినములలోనే ఖాన్ పట్టుబడెను. ద్వీపాంతరవాస శిక్ష పడెను. 1859 జనవరిలో ఆయన చెరనుండి తప్పించుకొనగా, పట్టియిచ్చినవారికి 5000 రూపాయల బహుమానము ప్రకటింపబడెను. కొన్ని దినములకే తూప్రాన్ అడవిలో ఆయనను హతమార్చి, శవమును నగరమున వ్రేలాడదీసిరి. మౌల్వీ అండమానులో ఖైదీగానే కన్నుమూసెను.

పాలకుల కాగితములలో ఆయన నేరస్థుడు. జనుల కథలలో వీరుడు. నేటి నోళ్ళలో పరిహాసము. సత్యమును తెలియగోరు విద్యార్థి ఒకమారు కోఠీలో నడచి చూడవలెను. నాటి రెసిడెన్సీ భవనము అనంతరము మహిళా కళాశాల అయినది. ప్రక్కవీధికి ఖాన్ పేరు నిలిచినది. ఆయన నేలకొరిగిన తూప్రాన్, మన ఇస్నాపూర్ రెండును పూర్వపు మెదక్ జిల్లాలోనివే. ఇకమీదట ఆ పేరుతో ఒకరిని ఎగతాళి చేయబోవునపుడు క్షణకాలము ఆగుదము.