ఉరికొయ్యల కాలంలో కానింగ్

1857 జులై 31న కలకత్తా నుంచి గవర్నర్ జనరల్ తీర్మానం ఒకటి వెలువడింది. పట్టుబడ్డ సిపాయిల్లో ఎవరిని వెంటనే శిక్షించవచ్చో, ఎవరిని విచారణ కోసం ఆపాలో సివిల్ అధికారులకు చెప్పే పత్రం అది. ఆ మర్నాడే పంజాబ్‌లోని అజ్నాలాలో అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్, 26వ నేటివ్ ఇన్‌ఫాంట్రీకి చెందిన 237 మందిని పదేసి మంది చొప్పున నిలబెట్టి కాల్పించాడు. బురుజులో కుక్కిన మరో 45 మంది తలుపు తీసేసరికే ఊపిరాడక చనిపోయి ఉన్నారు. శవాలను బావిలో పడేశారు. విచారణ అన్నదే లేదు. ఆ రోజు బక్రీదు. తన వెంట ఉన్న ముస్లిం రౌతులను పండగకని అమృత్‌సర్ పంపేశాననీ, మిగిలిన ఒకే ఒక్క క్రైస్తవుడిగా తాను వేరే రకం బలి ఇచ్చాననీ కూపర్ తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. సిగ్గుపడుతూ కాదు, గర్వంగానే.

తీర్మానం జారీ చేసిన చార్లెస్ కానింగ్, తుపాకులు పేల్పించిన కూపర్ ఇద్దరిదీ ఒకే కంపెనీ కొలువు. ఇద్దరిదీ ఒకే బైబిలు.

కానింగ్ 1812 డిసెంబర్ 14న లండన్ దగ్గర పుట్టాడు. తండ్రి జార్జ్ కానింగ్ 1827లో కొన్ని నెలలు బ్రిటన్ ప్రధానిగా ఉండి పదవిలోనే మరణించాడు. ఈటన్, ఆక్స్‌ఫర్డ్ చదువులు, పార్లమెంటు, విదేశాంగ శాఖలో చిన్న పదవి, ఆపై పోస్ట్‌మాస్టర్ జనరల్ ఉద్యోగం. తండ్రికున్న వాగ్ధాటి కొడుక్కి రాలేదు. ఫైళ్లు నిదానంగా చదివి, ఆలస్యంగా నిర్ణయం తీసుకునే మనిషిగా పేరు. 1856 ఫిబ్రవరి ఆఖరి రోజున కలకత్తాలో బాధ్యతలు తీసుకున్నాడు. అదే నెల మొదట్లో డల్హౌసీ అవధ్‌ను కలిపేసుకుని వెళ్లాడు. ఆ బరువు కానింగ్ నెత్తిన పడింది.

మే 10న మీరట్, మర్నాడు ఢిల్లీ, జూన్, జులై నెలల్లో కాన్పూర్. బీబీఘర్‌లో ఇంగ్లిష్ స్త్రీలనూ పిల్లలనూ నరికి చంపిన వార్త చేరాక తెల్లవారి ఆగ్రహానికి అదుపు లేకుండా పోయింది. అలహాబాద్ పరిసరాల్లో ఊళ్లు తగలబెట్టడం, చెట్లకు ఉరితీయడం అంతకుముందే మొదలైపోయింది.

ఆ కాలపు ఇంగ్లండ్‌లో చాలామంది క్రైస్తవులకు మరణశిక్ష మీద అనుమానాలు లేవు. మనిషి రక్తం చిందించినవాడి రక్తం మనిషి చేతనే చిందించాలని ఆదికాండం 9వ అధ్యాయంలో దేవుడు నోవహుకు చెప్పాడు. పాలకుడు దేవుని సేవకుడనీ, అతని చేతిలో కత్తి ఉత్తినే లేదనీ రోమీయుల పత్రిక 13వ అధ్యాయంలో పౌలు రాశాడు. కంటికి కన్ను అనే లెక్కను కొండమీది ప్రసంగంలో యేసు పక్కన పెట్టిన సంగతి అందరికీ తెలుసు. కానీ అది వ్యక్తులకు చెప్పిన మాటే, రాజ్యానికి కాదని సర్దుకునేవారు. జాన్ బ్రైట్ వంటి క్వేకర్లు మాత్రం ఉరి పూర్తిగా పోవాలనేవారు. వాళ్లు కొద్దిమంది.

పౌలు అధికారి కత్తి గురించి రాయడానికి సరిగ్గా ముందు, పగ తీర్చుకోవద్దు, అది దేవుడి పని అని చెప్పాడు. 1857 అక్కడే ఇరుక్కుంది. చేతిలో కత్తి ఉన్నవాడే పగతో రగిలిపోతుంటే, జరిగేది శిక్షా, ప్రతీకారమా? జాన్ నికల్సన్‌కు అలాంటి సందేహం రాలేదు. తప్పును బట్టి దెబ్బలు అన్న బైబిలు మాటనే ఆధారం చేసుకుని, స్త్రీలనూ పిల్లలనూ చంపినవారికి ఉరి చాలదనీ, బతికుండగా చర్మం ఒలిచేందుకో కాల్చేందుకో చట్టం తేవాలనీ మిత్రుడికి రాశాడు. పంజాబ్ చీఫ్ కమిషనర్ జాన్ లారెన్స్ తీరు ఇంకా విచిత్రం. జూన్‌లో పెషావర్‌లో 55వ రెజిమెంట్ సిపాయిలు 120 మందికి మరణశిక్ష పడితే, అందరినీ చంపితే దేవుడి ఎదుట సమర్థించుకోలేమని అడ్డుచెప్పాడు. 40 మందిని ఫిరంగులకు కట్టి పేల్చారు. అదే లారెన్స్ ఆగస్టులో అజ్నాలా సంగతి విని కూపర్‌కు అభినందనలు పంపాడు.

కానింగ్ మతపండితుడు కాడు. అతని తీర్మానంలో వేదాంతమేమీ లేదు, గుమాస్తా భాషే. తిరగబడని రెజిమెంట్ సిపాయి ఆయుధం లేకుండా దొరికితే సివిల్ అధికారి చంపకూడదు. తిరగబడ్డా తన అధికారులను చంపని రెజిమెంట్ వాడిని సైన్యానికి అప్పగించాలి. హత్యలు చేసిన రెజిమెంట్ వాడైనా, తాను ఆ సమయంలో అక్కడ లేనని చూపితే వినాలి. ఊళ్లు తగలబెట్టడం ఆపాలి. అంతే. మరణశిక్ష తప్పని ఇందులో ఎక్కడా లేదు. ఫలానా మనిషి ఫలానా నేరం చేశాడా అని అడగమనడమే ఉంది.

ఆ మాత్రానికే తెల్లవారు మండిపడ్డారు. దయామయుడు కానింగ్ అని ఇంగ్లిష్ పత్రికలు ఎగతాళి చేశాయి, పంచ్ పత్రిక వ్యంగ్యచిత్రం వేసింది. కలకత్తా యూరోపియన్లు అతన్ని వెనక్కి పిలిపించమని రాణికి అర్జీ పెట్టుకున్నారు. అక్టోబర్ 7న బ్రిటన్ అంతటా ఉపవాస ప్రార్థనల దినం. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 23,000 మందికి పైగా జనం ముందు బాప్టిస్ట్ బోధకుడు స్పర్జన్, సిపాయిలది యుద్ధం కాదు నేరమనీ, వారిని శిక్షించడం న్యాయమేననీ ప్రసంగించాడు. నలభై, యాభై వేల మందిని చంపడం సాధ్యమే, సరైనదే అని పదిమందిలో తొమ్మిదిమంది అనుకుంటున్నారని కానింగ్ సెప్టెంబర్‌లోనే విక్టోరియా రాణికి రాశాడు. ఆ ధోరణిని చూస్తే తన జాతివారి గురించి సిగ్గేస్తోందన్నాడు. రాణి అతని పక్షానే నిలిచింది.

ఇంతమాత్రాన అతన్ని మహాత్ముణ్ణి చేయనక్కర్లేదు. మే 30, జూన్ 6 తేదీల చట్టాలు కానింగ్ ప్రభుత్వం తెచ్చినవే. అప్పీలు లేకుండా ప్రాణం తీసే అధికారాన్ని కింది అధికారుల చేతిలో పెట్టింది అవే. తలుపు తానే తీసి, రెండు నెలల తర్వాత గొళ్లెం కోసం వెతికాడు. కూపర్ మీద ఏ చర్యా లేదు. 1858 మార్చిలో అవధ్ భూములను దాదాపు మొత్తంగా జప్తు చేస్తూ ప్రకటన ఇచ్చిందీ ఈ దయామయుడే.

1858 నవంబర్ 1న అలహాబాద్‌లో రాణి ప్రకటనను కానింగ్ వెలువరించాడు. బ్రిటిష్ ప్రజల హత్యల్లో నేరుగా పాల్గొన్నవారికి తప్ప మిగిలినవారికి క్షమాభిక్ష. క్రైస్తవం సత్యమని తాము నమ్ముతున్నా దాన్ని ఎవరి మీదా రుద్దబోమన్న మాట కూడా అందులోదే. ఏడాది కిందట ఎగతాళి పాలైన తేడానే, చేసినవాడు వేరు పక్కనున్నవాడు వేరు అన్న తేడానే, ఇప్పుడు రాజశాసనమైంది. అప్పటికి చనిపోయినవారికి అది అక్కరకు రాలేదు. అజ్నాలా బావిని 2014లో తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న డీఎన్ఏ పరిశోధన, వారు గంగా మైదానం వారని 2022లో తేల్చింది. ఎవరి పేరేమిటో, ఎవరు ఏం చేశారో ఆ ఎముకలు చెప్పలేవు. విచారణ జరిగి ఉంటే కాగితం మీద కనీసం పేర్లైనా మిగిలేవి.

1860లో కానింగ్ హయాంలోనే భారత శిక్షాస్మృతి వచ్చింది. హత్యకూ, రాజ్యం మీద యుద్ధానికీ మరణశిక్ష ఉంది, జీవితకాల శిక్ష వేసే వీలూ ఉంది. ఎంచుకోవాల్సింది న్యాయమూర్తి. 2024 జులైలో దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ రెండూ ఉన్నాయి. స్మృతి అమల్లోకి రావడానికి కొద్ది వారాల ముందు, 1861 నవంబర్ 18న, కానింగ్ భార్య షార్లెట్ కలకత్తాలో జ్వరంతో చనిపోయింది. ఆమెను బారక్‌పూర్‌లో పూడ్చిపెట్టి, మార్చిలో అతను ఒంటరిగా ఓడెక్కాడు. 1862 జూన్ 17న లండన్‌లో మరణించాడు. వయసు 49. పిల్లలు లేకపోవడంతో బిరుదు అతనితోనే పోయింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు.