రోము బలమును వివరించిన యూదుడు

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములనుండి పట్టణమునకు వచ్చు మన సంఘస్థులు ఎల్.బి. నగరులో బస్సు దిగగానే తల పైకెత్తి చూచెదరు. పైన వంతెనలు, ఎత్తున పరుగెత్తు మెట్రో రైలు, ఇరుప్రక్కల అంతస్తుమీద అంతస్తు. అక్కడనుండి దిల్‌సుఖ్‌నగరు వరకు ఎటు చూచినను అంగళ్లే, జనమే. ఇంత బలము, ఇంత ధనము వీరికెట్లు కలిగెను? దేవుడు వీరికే తోడైయున్నాడా? పల్లెలోని మన చిన్న మందిరమును తలంచుకొన్నప్పుడు ఈ ప్రశ్న మనస్సును గుచ్చును. దాదాపు రెండువేల ఏండ్ల క్రిందట ఒక యూదుడు రోము బలమును చూచి ఇట్టి ప్రశ్ననే వేసికొనెను. అతని పేరు యోసేఫసు. ఈ మాసము అతని జీవితమును మనము ధ్యానింతము.

రోము మనకు సంబంధము లేని దూరదేశము అనుకొనవద్దు. మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలోనే ఔగుస్తు, తిబెరి కైసరుల వెండి నాణెములు నేలలో దొరికినవి. అవి వర్తకము మూలముగా సముద్రము దాటి వచ్చినవి. పన్నునుగూర్చి అడిగినవారు ప్రభువునకు చూపిన దేనారము అట్టిదే అయి యుండునని పండితులు తలంచుదురు.

యోసేఫసు క్రీ.శ. 37లో యెరూషలేములో యాజక వంశమున జన్మించెను. చిన్ననాటనే ధర్మశాస్త్రమందు ప్రవీణుడై, పందొమ్మిదవ యేట పరిసయ్యుల మార్గమును అవలంబించెను. అధిపతియైన ఫేలిక్సు కొందరు యాజకులను సంకెళ్లతో రోమునకు పంపియుండగా, వారిని విడిపించుటకై సుమారు 64లో ఇతడు ఓడ యెక్కెను. అద్రియ సముద్రములో ఓడ పగిలెను. దానిలో ఆరువందలమంది ఉండిరి. రాత్రియంతయు ఈదగా తెల్లవారి మరియొక ఓడ యెక్కగలిగినవారు ఎనుబదిమందియే. కొద్ది యేండ్లకు ముందు పౌలు కొట్టుకొనిపోయిన సముద్రము అదియే. రోములో నీరో భార్యయైన పొప్పియా దయ సంపాదించి, యాజకులను విడిపించుకొని తిరిగివచ్చెను. ఆ నగరపు బలమును అప్పుడే కన్నులార చూచెను.

66లో యూదులు రోమీయులమీద తిరుగబడిరి. యోసేఫసు గలిలయలో సేనలకు అధిపతిగా నియమింపబడెను. మరుసటి సంవత్సరము వెస్పసియాను మహా సైన్యముతో వచ్చి యొతపాత పట్టణమును ముట్టడించెను. నలువదియేడవ దినమున పట్టణము పడిపోయెను. యోసేఫసు నలువదిమందితో ఒక గుహలో దాగెను. శత్రువు చేతికి చిక్కుటకంటె ఒకరినొకరు చంపుకొనుట మేలని వారు నిశ్చయించి చీట్లు వేసికొనిరి. చివరకు మిగిలినది ఇతడును మరియొకడును. అప్పుడు ఇతడు ఆ తోడివానిని ఒప్పించి లొంగిపోయెను. వెస్పసియాను ఎదుట నిలిచి, నీవు చక్రవర్తివి కాగలవని చెప్పెను. 69లో అట్లే జరుగగా ఇతని సంకెళ్లు గొడ్డలితో నరికివేయబడెను. స్వజనులు ఇతనిని ద్రోహి అనిరి. ఆ మచ్చ ఇతని పేరునుండి నేటికిని పోలేదు.

70లో వెస్పసియాను కుమారుడైన తీతు యెరూషలేమును ముట్టడించెను. యోసేఫసు తలిదండ్రులు ఆ ప్రాకారముల లోపలనే ఉండిరి. ఇతడు గోడచుట్టు తిరుగుచు లొంగిపొండని జనులను బతిమాలుకొనెను. లోపలినుండి విసరిన రాయి తలకు తగిలి ఒకసారి మూర్ఛపోయెను. ప్రభువు ఏ పట్టణమును చూచి కన్నీరు విడిచెనో ఆ పట్టణము, దానితోకూడ దేవాలయము, ఇతని కన్నులయెదుట కాలిపోయెను. తరువాత ఇతడు రోమునకు వెళ్లి, చక్రవర్తి ఇచ్చిన పౌరసత్వముతోను భరణముతోను అక్కడనే నివసించెను. యూదుల యుద్ధచరిత్రను మొదట స్వభాషలోను పిమ్మట గ్రీకులోను వ్రాసెను. సుమారు 93లో తన జనుల పూర్వచరిత్రను ఇరువది సంపుటములుగా ముగించెను. సుమారు 100లో మరణించెనని తలంచుదురు.

రోము బలమునకు ఇతడు చెప్పిన మొదటి కారణము క్రమశిక్షణ. రోమీయులకు యుద్ధము వచ్చిన తరువాత ఆయుధము పట్టుట తెలియదట. శాంతికాలమందును ప్రతిదినము యుద్ధమందున్నట్లే సాధన చేయుదురట. సైన్యము ఎక్కడ దిగినను మొదట పాళెము కట్టుదురు. నేల చదునుచేసి, నాలుగు ద్వారములు పెట్టి, వీధులు తీర్చి, నడుమ సేనాధిపతి గుడారము వేయుదురు. చూచుచుండగనే ఒక ఊరు లేచినట్లుండును. కాల్బలములో ప్రతివాడు ఆయుధములతోపాటు రంపము, గంప, గునపము, గొడ్డలి, కొడవలి, మూడు దినముల బత్తెము మోయును. నిద్ర, కావలి, భోజనము అన్నియు బూరధ్వని ప్రకారమే జరుగును.

ఇతనికి రెండువందల ఏండ్లకు ముందు పొలీబియసు అను గ్రీకు చరిత్రకారుడును ఇట్లే వ్రాసెను. క్రీ.పూ. 167లో రోమీయులు జామీనులుగా కొనిపోయిన వేయిమందిలో అతడొకడు. ఏబదిమూడు సంవత్సరములైనను నిండకమునుపే లోకములో అధికభాగము రోమునకు ఎట్లు లోబడెనో వివరించుటకు నలువది సంపుటములు వ్రాసెను. అధిపతులు, పెద్దల సభ, ప్రజలు ఒకరినొకరు అదుపులో ఉంచుకొను పరిపాలన వారికి ఉండెననియు, రాత్రి కావలిలో నిద్రించినవానికి చావే శిక్ష అనియు అతడు చూపెను. అతడును ఇతడును ఓడిపోయిన జనమువారే, రోము చేతిలో చిక్కినవారే. తమను ఓడించిన బలమును దగ్గరనుండి చూచి గ్రహించిరి.

యోసేఫసు చెప్పిన రెండవ కారణము దేవుని చిత్తము. రాజ్యములను ఒక జనమునుండి మరియొక జనమునకు మార్చు దేవుడు ఇప్పుడు రోమీయుల పక్షమునకు పోయెనని ఇతడు నమ్మెను. రాజులను త్రోసివేయువాడును నియమించువాడును దేవుడేయని దానియేలు గ్రంథము మనకును బోధించుచున్నది. అయితే గెలిచినవాడే దేవునికి ఇష్టుడని చెప్పవచ్చునా? మన ప్రభువును సిలువవేసినదియు ఆ రోము సైనికులే. ఆ దినమున పిలాతు గెలిచినట్లును ప్రభువు ఓడినట్లును కనబడెను. గెలుపునుబట్టియే దేవుని పక్షమును నిర్ణయించినయెడల మనకు సువార్తయే లేదు.

ఈ సంగతి యోసేఫసు మనస్సునకు కొంత తెలిసియేయుండెనేమో. పూర్వచరిత్రలో ఇతడు నెబుకద్నెజరు కలను వివరముగా వ్రాసెను. బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి, ఇనుము అన్నిటిని చెప్పెను. ప్రతిమను పగులగొట్టిన రాతియొద్దకు వచ్చినప్పుడు మాత్రము కలము ఆపెను. తాను జరిగినవాటినే వ్రాయువాడననియు, రాబోవువాటిని తెలిసికొనగోరువాడు దానియేలు గ్రంథమునే చదువుకొనవలెననియు తప్పించుకొనెను. కైసరు ఇచ్చిన ఇంట కూర్చుండి, కైసరు రాజ్యమును పొడిచేయు రాతినిగూర్చి వ్రాయుట ఎంత కష్టమో మనము ఊహింపవచ్చును. అతనిని మనము తీర్పు తీర్చము. మనకు అన్నము పెట్టువాని యెదుట మనమెన్నిసార్లు మౌనముగా ఉండలేదు?

కాబట్టి ప్రియులారా, యోసేఫసు చెప్పినదియు చెప్పక విడిచినదియు మనకు పాఠమే. మొదటిది, ఎవరు చూడని వేళ ప్రతిదినము చేసిన చిన్న పని రోము బలమాయెను. వేకువ ప్రార్థన, ఆదివారపు బడి, సంఘపు లెక్క సరిగా వ్రాయుట మనకు అట్టి సాధనలు. రెండవది, పెద్ద భవనమును చూచి దేవుడు అక్కడనే ఉన్నాడనియు, తాటాకు పందిరిని చూచి ఇక్కడ లేడనియు అనుకొనరాదు. 476లో రోమునగరపు చివరి చక్రవర్తి పదవి పోగొట్టుకొనెను. ఆ కైసరుల ముఖములు మన నల్లగొండ మట్టిలో పూడ్చబడి దొరికినవి. వారు సిలువవేసిన వాని నామమున అదే జిల్లా పల్లెలలో ఆదివారము గంట మ్రోగుచున్నది. ఈ మాసము దానియేలు రెండవ అధ్యాయమును ఇంటివారందరు కూడి చదువుడి. యోసేఫసు కలము ఆపినచోట మీరు ఆగవద్దు.